విశ్వేశ్వరయ్యగారు – భద్రావతి కొలిమి

కామారెడ్డి జిల్లాలో బాన్సువాడ యను పట్టణము కలదు. నిజాంసాగరపు కాలువనీటితో ఆ ప్రాంతమున వరి, చెఱకు పండించిరి. బెల్లము వండు రైతు చెఱకును గానుగలో ఆడించి, రసమును పెనములో పోసి కాచును. రసము తీయగా మిగిలిన పిప్పిని అతడు పాఱవేయడు. ఎండబెట్టి ఆ పొయ్యిలోనే మంటకు వాడుకొనును. కట్టెలకు పెట్టవలసిన పైకము అతనికి మిగులును. వస్తువును చేయుట యొక విద్య. తక్కువ వ్యయముతో చేయుట మఱియొక విద్య. ఈ రెండవ విద్యను ఒక గొప్ప ఇనుప కర్మాగారమున చూపిన మహనీయుడు మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు.

వీరి పూర్వులు మన ప్రకాశం ప్రాంతమునందలి మోక్షగుండమను గ్రామమునుండి మైసూరు సీమకు తరలిపోయిన తెలుగువారు. విశ్వేశ్వరయ్యగారు చిక్కబళ్ళాపురము చెంతనున్న ముద్దెనహళ్ళిలో జన్మించిరి. తండ్రి శ్రీనివాసశాస్త్రిగారు సంస్కృత పండితులు. చిన్ననాటనే తండ్రి గతించుటచే బాలుడు కష్టముల పాలయ్యెను. బెంగుళూరులో పిల్లలకు పాఠములు చెప్పుచు తాను చదువుకొని, 1881లో పట్టభద్రుడయ్యెను. పిదప పూనాలో ఇంజనీరింగు విద్య నభ్యసించి, 1884లో బొంబాయి ప్రభుత్వ కొలువున చేరెను.

1908లో మూసీనది పొంగి హైదరాబాదు నగరమును ముంచివేసెను. వేలకొలది జనులు మరణించిరి. అట్టి విపత్తు మరల రాకుండుటకు ఉపాయము చెప్పుమని నిజాము ప్రభుత్వము వీరిని పిలిపించెను. నదిపై జలాశయములు కట్టవలెనని వీరు సలహా నొసగిరి. ఉస్మాన్ సాగరము, హిమాయత్ సాగరము ఆ ఆలోచనకు ఫలములే. 1912 మొదలు 1918 వఱకు వీరు మైసూరు సంస్థానమునకు దివానుగా నుండిరి.

ఆ కాలముననే భద్రావతిలో ఇనుప కర్మాగారము స్థాపింప నిశ్చయమైనది. కెమ్మణ్ణుగుండి కొండలలో మేలైన ఇనుప ఖనిజము కలదు. కాని బొగ్గు గనులు ఎంతో దూరమున నున్నవి. కావున సమీపారణ్యములలోని కట్టెను కాల్చి కఱ్ఱబొగ్గు చేసి, దానితో ఖనిజమును కరగింప నిర్ణయించిరి. 1923 జనవరిలో కొలిమి రగిలెను. కాని ప్రథమ ప్రపంచ యుద్ధము ముగిసిన పిమ్మట ఇనుము ధర పడిపోయెను. ఒక టన్ను చేయుటకగు వ్యయము, అది అమ్మగా వచ్చు సొమ్ముకంటె ఎక్కువయ్యెను. కర్మాగారమును మూసివేయుటయే మేలని పలువురు పలికిరి. ప్రజాధనము మట్టిపాలగునా, వందలాది కార్మికుల బ్రతుకు చెడునా యను సంశయము కలిగెను. అప్పుడు మహారాజు కృష్ణరాజ ఒడయరు దాని నిర్వహణ భారమును అఱువది యేండ్లు దాటిన విశ్వేశ్వరయ్యగారికి అప్పగించెను.

బాలలారా! కర్మాగారపు వ్యయము రెండు విధములు. సరకు చేసినను చేయకున్నను తప్పనిది యొకటి. యంత్రముల అప్పుపై వడ్డీ, ఉద్యోగుల జీతములు ఇట్టివి. సరకుతోపాటు పెరుగునది రెండవది. ఖనిజము, కట్టె ఇట్టివి. తప్పని వ్యయము నెలకు వేయి రూపాయలనుకొందము. పది టన్నులు చేసినచో టన్నుపై నూఱు రూపాయల భారము పడును. ఇరువది టన్నులు చేసినచో ఏబది మాత్రమే. కావుననే కొలిమి ఆగరాదు. అది చల్లారినచో లోని లోహము గడ్డకట్టును. మరల రగిలించుట మిక్కిలి ఖర్చుతో కూడిన పని.

విశ్వేశ్వరయ్యగారు ఈ సూత్రము నెఱిగి, ప్రతి వ్యయమును పరిశీలించిరి. అధిక వేతనములు పొందు విదేశీయుల స్థానమున మనవారికి శిక్షణ యిచ్చి నియమించిరి. కట్టెను మూసియుంచి కాల్చునపుడు వెలువడు ఆవిరి వృథా పోనీయక, దానినుండి తారు, కఱ్ఱసారాయి మున్నగు వానిని తీయించి అమ్మించిరి. రైతు చెఱకు పిప్పిని వాడుకొను రీతియే యిది! ముడి ఇనుమునే అమ్ముకొనక, దానితో గొట్టములు పోయించిరి. వానికి మన దేశముననే గిరాకి కలిగెను. 1929లో వీరు ఆ బాధ్యతను విడుచునాటికి కర్మాగారము నిలదొక్కుకొనెను. తరువాతి కాలమున దానికి వీరి పేరే పెట్టిరి.

ఆ శ్రమకు ప్రతిఫలముగా లభించిన ధనమును వీరు స్వంతమునకు వాడుకొనలేదు. యువకులకు వృత్తులు నేర్పు విద్యాలయమునకు దాని నిచ్చి, దానికి తమ పేరు పెట్టనీయక, మహారాజు జయచామరాజేంద్రుని పేరు పెట్టించిరి. 1955లో భారతప్రభుత్వము వీరిని భారతరత్న బిరుదముతో గౌరవించెను. నూఱేండ్లు దాటిన పిదప 1962 ఏప్రిలులో వీరు దివంగతులైరి. వీరి జన్మదినమైన సెప్టెంబరు 15ను ఇంజనీర్ల దినముగా జరుపుకొనుచున్నాము.

ఆ కొలిమికి ఎన్నో చెట్లు ఆహుతియైనవి. నఱికిన అడవిని మరల పెంచుటకగు వ్యయమును కూడ లెక్కలో చేర్చవలెనని నేడు మన మెఱుగుదుము. లెక్క తప్పక చూచుట, వృథా చేయకుండుట, ఫలమును నలుగురికి పంచుట – ఈ మూడును వీరి జీవితము మనకు నేర్పు పాఠములు.