ఎగాస్ మోనిజ్

ఆంటోనియో ఎగాస్ మోనిజ్ (నవంబరు 29, 1874 - డిసెంబరు 13, 1955) పోర్చుగల్ దేశానికి చెందిన నాడీ వైద్యుడు, రాజకీయ నాయకుడు. బ్రతికి ఉన్న మనిషి మెదడులోని రక్తనాళాలను ఎక్స్-రే చిత్రంలో చూపే సెరిబ్రల్ యాంజియోగ్రఫీ పద్ధతిని కనిపెట్టాడు. 1949లో వాల్టర్ హెస్‌తో కలిసి నోబెల్ బహుమతి పొందాడు. అయితే ఆ బహుమతి వచ్చింది యాంజియోగ్రఫీకి కాదు, తరువాతి కాలంలో వైద్యులు విడిచిపెట్టిన మరొక శస్త్రచికిత్సకు.

జీవితం

ఈయన అవాంకా గ్రామంలో జన్మించాడు. ఎగాస్ మోనిజ్ అనేది పోర్చుగల్ చరిత్రలోని ఒక మధ్యయుగ వీరుని పేరు. కోయింబ్రాలో వైద్యవిద్య పూర్తి చేసి, 1911లో లిస్బన్‌లో నాడీ వైద్య ఆచార్యుడయ్యాడు. 1903లో పార్లమెంటు సభ్యుడు, 1917లో స్పెయిన్‌లో రాయబారి, 1918లో విదేశాంగ మంత్రి. ఈయనకు పేరు తెచ్చిన పరిశోధనలన్నీ యాభై ఏళ్ళు దాటిన తరువాతివే.

యాంజియోగ్రఫీ

ఆ కాలపు ఎక్స్-రేలో పుర్రె ఎముక కనిపించేదే గాని లోపలి మెదడు కనిపించేది కాదు. 1918లో అమెరికాలో వాల్టర్ డాండీ మెదడు కుహరాలలోకి గాలి ఎక్కించి చిత్రం తీశాడు. ఇది రోగికి బాధాకరం, ప్రమాదకరం కూడా. ఎక్స్-రేలను అడ్డుకునే ద్రవాన్ని మెడలోని కరోటిడ్ ధమనిలోకి ఎక్కిస్తే మెదడు నాళాలే చిత్రంలో కనిపిస్తాయని, అవి పక్కకు జరిగి ఉంటే అక్కడ కణితి ఉన్నట్లని మోనిజ్ భావించాడు.

కుక్కలపైన, శవాలపైన పరీక్షించిన పిదప రోగులకు స్ట్రాన్షియం బ్రోమైడ్ వాడాడు. ఒక రోగిలో నాళాలు కనిపించాయి గాని, రక్తం గడ్డకట్టి ఆ రోగి మరణించాడు. మోనిజ్ ఆ ద్రవాన్ని మాని సోడియం అయొడైడ్ ఎంచుకున్నాడు. 1927 జూన్ 28న పీయూష గ్రంథిలో కణితి ఉన్న ఒక యువకునిలో స్పష్టమైన చిత్రం లభించింది. గౌట్ వ్యాధి వలన మోనిజ్ చేతులు సహకరించేవి కావు. శస్త్రచికిత్స పని పెడ్రో అల్మీడా లిమా చేసేవాడు. 1931 నుండి వాడిన థోరోట్రాస్ట్ అనే ద్రవం చిత్రాలను బాగా చూపినా, దానిలోని రేడియోధార్మిక థోరియం జీవితాంతం శరీరంలో నిలిచి, కొందరిలో కాలేయ క్యాన్సర్‌కు కారణమైంది.

1950లో డా. బి. రామమూర్తి మద్రాసు జనరల్ ఆసుపత్రిలో నాడీ శస్త్రచికిత్స విభాగాన్ని ప్రారంభించేనాటికి సి.టి. స్కాన్ లేదు, అది 1971లో గాని రోగులకు అందలేదు. 1953 వరకు నెల్లూరు జిల్లా కూడా మద్రాసు రాష్ట్రంలోనిదే.

బైపాస్ శస్త్రచికిత్స

కరోటిడ్ ధమని మూసుకుపోయిన రోగుల చిత్రాలను 1937లో మోనిజ్ బృందం ప్రచురించింది. మూసుకున్న చోటును దాటి రక్తం అందించే బైపాస్‌ను 1967లో జూరిచ్‌లో యాసర్‌గిల్ చేశాడు. ఇందులో తలచర్మపు ధమనిని మెదడు ధమనికి కలుపుతారు.

ఈ శస్త్రచికిత్స తరువాత కొందరిలో మాట తడబడుతుంది, చెయ్యి బలహీనపడుతుంది, మూర్ఛ వస్తుంది. రక్తం చాలకపోయినా, ఒక్కసారిగా ఎక్కువైనా ఇవే లక్షణాలు. చికిత్స మాత్రం పూర్తిగా వేరు: చాలకపోతే రక్తపోటు పడిపోకుండా చూడాలి, ఎక్కువైతే తగ్గించాలి. పొరబడితే ప్రాణాపాయం. కనుక రక్తస్రావానికి సి.టి., కణజాల నష్టానికి ఎమ్.ఆర్.ఐ., రక్తప్రవాహానికి పెర్ఫ్యూజన్ పరీక్ష, అతుకు తెరచి ఉన్నదీ లేనిదీ తెలియడానికి యాంజియోగ్రఫీ చేస్తారు.

ల్యూకాటమీ, చివరి రోజులు

1935లో మోనిజ్, లిమా కలిసి మానసిక రోగుల మెదడు ముందు భాగపు నాడీ తంతువులను దెబ్బతీసే చికిత్స ప్రారంభించారు. నోబెల్ బహుమతి దీనికే. యాంజియోగ్రఫీకి అంతకుముందు ప్రతిపాదనలు వెళ్ళినా ఫలించలేదు. అనేకమంది రోగుల వ్యక్తిత్వాన్ని ఈ చికిత్స దెబ్బతీసింది. 1950లలో మందులు వచ్చాక క్రమేణా వాడుక తగ్గింది. బహుమతిని వెనక్కు తీసుకోవాలని బాధిత కుటుంబాలు కోరినా నోబెల్ సంస్థ అంగీకరించలేదు.

1939లో ఒక రోగి జరిపిన కాల్పుల్లో మోనిజ్ గాయపడి బతికి బయటపడ్డాడు. 1955లో లిస్బన్‌లో మరణించాడు. అవాంకాలోని ఆయన ఇల్లు 1968లో మ్యూజియం అయింది.