యెంకిని తెలుగువారికిచ్చిన ఏలూరు న్యాయవాది నండూరి సుబ్బారావు

ఒక పాట ఎంతమందికి చేరిందో చెప్పడానికి నేడు వారంవారం వెలువడే జాబితాలున్నాయి. వందేళ్ల క్రితం తెలుగునాట అటువంటి కొలమానమేదీ లేదు. అయినా 1925లో పుస్తకరూపం దాల్చిన యెంకి పాటల విజయానికి బలమైన నిదర్శనం ఒకటుంది. అన్యోన్యంగా మెలిగే పల్లె జంట ప్రస్తావన వస్తే యెంకి, నాయుడుబావ పేర్లు చెప్పడం తెలుగువారికి పరిపాటి అయింది. ఆ పేర్లను తలచేవారిలో పుస్తకం చదవనివారెందరో ఉన్నారు. వాటిని సృష్టించిన కవి నండూరి వెంకట సుబ్బారావు పేరు విననివారూ ఉన్నారు.

సుబ్బారావు 1895లో ఏలూరు సమీపంలోని వసంతవాడలో జన్మించారు. ఆ సంవత్సరమే మద్రాసు వీధుల్లో విద్యుత్ ట్రాములు నడవడం ప్రారంభమైంది. సుమారు ఇరవై రెండేళ్ల తరువాత, మద్రాసు క్రిస్టియన్ కళాశాల విద్యార్థిగా ఆ ట్రాములలో ఒకదానిపై ప్రయాణిస్తుండగా ఆయన మనసులో తొలి యెంకి పాట మెదిలిందని సాహిత్య చరిత్ర చెబుతోంది. గోదావరి సీమ పల్లెపడుచు మహానగరపు రణగొణధ్వనుల నడుమ పుట్టిందన్నమాట. సమీప బంధువు, భావకవి బసవరాజు అప్పారావు వంటివారి సాహచర్యం ఆ పాటలు కొనసాగడానికి తోడ్పడింది.

అది తెలుగు భాషపై తీవ్రమైన వాదోపవాదాలు సాగుతున్న కాలం. గ్రాంథిక భాషే రచనకు తగినదని 1911లో ఏర్పడిన ఆంధ్ర సాహిత్య పరిషత్తు వాదించగా, వాడుక భాషకు గిడుగు రామమూర్తి పట్టుబట్టారు. అయితే గిడుగు ప్రధానంగా కోరింది చదువుకున్నవారు మాట్లాడే శిష్టవ్యావహారికానికి గుర్తింపు. సుబ్బారావు అంతకంటే ముందుకు వెళ్లి, బడి మెట్లెక్కని రైతుజనం పలుకుబడిని ప్రేమకవిత్వానికి ఎన్నుకున్నారు.

ఆ సాహసం నాయిక పేరులోనే కనిపిస్తుంది. వెంకి అన్న పేరులోని తొలి వకారం పల్లె ఉచ్చారణలో యకారంగా మారి యెంకి అవుతుంది. పండితులు తప్పుగా భావించే ఆ మార్పును కవి సరిదిద్దలేదు. ఒత్తులు జారిపోవడం, పదాలు కుదించుకుపోవడం వంటి లక్షణాలనూ పాటల్లో అలాగే నిలిపారు. సంస్కృత నాటకాల్లో రాజు సంస్కృతం పలికితే స్త్రీలు, సేవకులు ప్రాకృతం పలికేవారు. భాషకూ హోదాకూ ముడిపెట్టే ఆ సంప్రదాయంలో శృంగారం రాజకుమార్తెలకు అలంకారమైతే, పామరుల మాట తరచు హాస్యానికి పనికొచ్చేది. యెంకి మాట నవ్వించడానికి పుట్టలేదు. వెన్నెల, ఏటిగట్టు, ఇంటి దీపం నడుమ సాగే దాంపత్యంలోని ఎడబాటును, అలకను, భయాన్ని అది గంభీరంగా పలికింది.

ఆక్షేపణలు రెండు వైపుల నుంచి వచ్చాయి. వ్యాకరణం లేని మాటలకు కావ్యగౌరవం ఎలా దక్కుతుందని సంప్రదాయవాదులు అడిగారు. భాష పల్లెదైనా భావాల నాజూకు మాత్రం చదువుకున్న కవిదేనని మరికొందరు అన్నారు. రెండో విమర్శను తేలికగా తోసిపుచ్చలేం. యెంకికి సౌందర్యముంది, కలలున్నాయి. పొలంపనిలోని అలసట, అప్పుల బాధ ఆమె పాటల్లో అంతగా వినిపించవు.

ఈ పాటలు జనం నోట పుట్టిన జానపదాలు కావన్న సంగతి మరువరాదు. ఇక్కడ సూరత్‌కు చెందిన గుజరాతీ కవి నర్మద్ (1833-1886)తో పోలిక తేడాను స్పష్టం చేస్తుంది. 1873లో నర్మకోశం పేరిట గుజరాతీ నిఘంటువును పూర్తిచేసిన ఆయన, నాగర స్త్రీలు పాడుకునే పాటలను కూడా సేకరించి అచ్చువేయించారు. నర్మద్ జనం దగ్గరున్న పాటను పుస్తకంలోకి తెచ్చారు. సుబ్బారావు పుస్తకంలోని పాట జనంలోకి వెళ్లి జానపదంగా చెలామణి అయింది.

ఆ ప్రయాణంలో గాయకుల పాత్ర పెద్దది. సుబ్బారావు స్వయంగా తన పాటలను మిత్రుల నడుమ పాడి వినిపించేవారు. తరువాతి కాలంలో ఆకాశవాణి వాటిని ఇంటింటికీ చేర్చింది. ముఖ్యంగా శ్రీరంగం గోపాలరత్నం గొంతు యెంకికి శాశ్వతమైన స్వరమయింది. శాస్త్రీయ సంగీతంలో ఆరితేరిన ఆమె పల్లె ఉచ్చారణను ఎక్కడా చులకన కానీయకుండా పాడారు. చదవడం రానివారికి కూడా ఆ పాటలు అందింది ఇలా వినికిడి ద్వారానే.

న్యాయశాస్త్రం చదివిన సుబ్బారావు ఏలూరులో న్యాయవాదిగా జీవితం గడిపారు. తరువాత కొత్త పాటలు కూడా రాశారు. వాటిలో యెంకి మరింత తాత్త్విక రూపం ధరించింది. పాఠకులు మాత్రం తొలినాటి యెంకినే ఎక్కువగా గుండెకు హత్తుకున్నారు. ఆయన 1957లో కన్నుమూశారు.

నేడు ఉత్తరాంధ్ర, రాయలసీమ, తెలంగాణ మాండలికాల్లో కవితలు, కథలు, నవలలు విరివిగా వస్తున్నాయి. తమ ఊరి మాటను యథాతథంగా అచ్చులో పెట్టడానికి ఏ రచయితా క్షమాపణ చెప్పుకోనవసరం లేదు. ఆ స్వేచ్ఛకు బాట వేసినవారిలో సుబ్బారావు ఒకరు. కవి ఎవరో తెలియకుండానే యెంకి పాటను ఎవరైనా కూనిరాగం తీస్తే, ఆ అజ్ఞాతంలో ఆయన విజయమూ ఉంది, ఆయనకు మనం పడిన బాకీ కూడా ఉంది.