జోసెఫు రైటు పండితుడు

ఇంగ్లాండు పటమునందు ఊళ్ల పేర్లు చదువు విద్యార్థులు అక్షరములను నమ్మి మోసపోవుట మేము పలుమారు చూచితిమి. యార్కుషైరులో 'కీగ్లీ' యని తోచునట్లు వ్రాయబడు పట్టణమును అచ్చటివారు కీత్లీ యందురు. ఆ సీమలోనిదే యగు స్లెయిత్‌వెయిటు స్థానికుల నోట స్లావిట్ అగును. న్యూకాసిలు పేరును లండనువారు మొదటి భాగముపై ఊనిక యుంచి, తరువాతి 'కా'ను దీర్ఘముగా పలుకుదురు. ఆ యూరివారు రెండవ భాగమునే యూని హ్రస్వముగా పలుకుదురు. ఇట్టి పలుకుబడులను పామరుల తప్పులని చదువుకొన్నవారనేకులు తలచిరి. పల్లెపలుకునకును నియమములు కలవని చూపినవారిలో ముఖ్యుడు, పదునైదేండ్ల వరకు చదువెరుగని యొక కూలిపిల్లవాడు.

జోసెఫు రైటు 1855 అక్టోబరు 31వ తేదీన బ్రాడ్‌ఫర్డు చెంత జన్మించెను. ఆరేండ్ల ప్రాయమున రాతిగనియొద్ద గాడిదబండి తోలెను. ఏడేండ్లకు సాల్టెయిరు మిల్లులో నిండిన కండెలు తీయు పనిలో కుదిరెను. 1870లో ఫ్రాన్సు ప్రష్యాల యుద్ధవార్తలను తోడిపనివాడు చదువగా విని, తానును చదువగోరి, బైబిలును, బనియను రచించిన యాత్రికుని ప్రయాణమును ముందిడుకొని చదువ నేర్చెను. కొంతకాలమునకు తల్లి యింటనే రాత్రిబడి పెట్టి, వారమునకు రెండు పెన్నీలు పుచ్చుకొని ఇతరులకు చెప్పసాగెను. 1876లో, కూడబెట్టిన 40 పౌనులతో బయలుదేరి, ఆంట్వెర్పునుండి హైడెల్‌బర్గు వరకు కాలినడకను పోయెను! 1885లో అచ్చటనే డాక్టరు పట్టము నందెను.

మేము మిక్కిలి మెచ్చునది దీని తరువాతి కథ. గోతికు మొదలగు ప్రాచీనభాషలలో ఆరితేరినవాడు తన యూరిమాటకు సిగ్గుపడలేదు. తాను పెరిగిన విండ్‌హిల్లు పలుకునకు 1892లో వ్యాకరణము రచించి, అందలి అచ్చులను ప్రాచీనాంగ్లము వరకు తరచి చూపెను. అతడు శోధించినది ఊరిపేర్లను గాదు, ఊరిమాటను. అయినను ఆ మార్గముననే పేర్ల చిక్కును విడును. కీత్లీ వ్రాతలోని 'జీ, హెచ్' అక్షరములు పూర్వపు కంఠధ్వనికి గుర్తు. ఆ ధ్వని కొన్ని మాటలలో మాయమయ్యెను, కొన్నిట 'ఫ' యయ్యెను. ఇచ్చట నాలుక దంతములకు తాకు ధ్వనిగా మారెను. 'త్‌వెయిటు' స్కాండినేవియానుండి వచ్చి స్థిరపడినవారి మాట. అడవి నరికి బాగుచేసిన నేల యని యర్థము. ఊనిక లేనందున నోట నరిగి 'ఇట్' మాత్రము మిగిలెను. వ్రాత మారలేదు, నోరు మారెను.

దేశమంతటినుండి ఔత్సాహికులు చీటీలపై వ్రాసి పంపిన పల్లెమాటలతో అతడు కూర్చిన ఆంగ్ల మాండలిక నిఘంటువు 1898 మొదలు 1905 వరకు ఆరు సంపుటములుగ వెలువడెను. ముద్రణభారమును తానే వహించెను. 1901లో ఆక్సుఫర్డున భాషాశాస్త్రాచార్యుడై 1925 వరకు ఆ పీఠము నలంకరించియు యార్కుషైరు యాసను విడువలేదు. 1930 ఫిబ్రవరి 27వ తేదీన మరణించెను. అతని చరితమును భార్య ఎలిజబెత్తు 1932లో రెండు సంపుటములుగ ప్రకటించెను.