వైను బప్పు: నిజాం కాలేజీలో చదువు.. హార్వర్డ్‌లో తోకచుక్క.. సొంత టెలిస్కోప్ పూర్తవకముందే కన్నుమూత!

గౌలిగూడ చౌరస్తాలో రాత్రి నిలబడి తల పైకెత్తితే ఏం కనిపిస్తుంది? ఎల్ఈడీ లైట్లు, ఫ్లెక్సీలు, కరెంటు తీగలు. అదృష్టం బాగుంటే నాలుగైదు చుక్కలు. అక్కడి నుంచి కోఠి, అబిడ్స్ మీదుగా కాస్త దూరం వెళితే నిజాం కాలేజీ వస్తుంది. ప్రపంచ ఖగోళ శాస్త్రవేత్తల సంఘానికే అధ్యక్షుడైన మనిషి చదువుకున్నది అక్కడే. ఆయన పేరు మనాలి కల్లట్ వైను బప్పు. హైదరాబాద్‌లో పెరిగినా, ఈ తరం హైదరాబాదీల్లో ఆ పేరు తెలిసినవాళ్లు తక్కువే.

బప్పు 1927 ఆగస్టు 10న మద్రాసులో పుట్టారు. కుటుంబం మూలాలు కేరళలో. తండ్రి హైదరాబాద్‌లోని నిజామియా అబ్జర్వేటరీలో ఉద్యోగి. ఇంతకీ ఈ అబ్జర్వేటరీ కథేంటి? నవాబ్ జఫర్ జంగ్ అనే ప్రభువు సొంత డబ్బుతో ఇంగ్లండ్ నుంచి 15 అంగుళాల టెలిస్కోప్ తెప్పించి, 1901లో ఫిసల్‌బండలో మొదలుపెట్టారు. ఆయన పోయాక నిజాం ప్రభుత్వం దాన్ని తీసుకుని బేగంపేటకు మార్చింది. ఆకాశాన్ని ముక్కలుగా పంచుకుని నక్షత్రాల పట్టిక తయారుచేసే అంతర్జాతీయ ప్రాజెక్టులో ఒక ముక్క హైదరాబాద్ వంతుకు వచ్చింది. తండ్రి కొలువు అలాంటి చోట కావడంతో కుర్రాడికి టెలిస్కోపే ఆటవస్తువైంది. కాలేజీ రోజుల్లోనే నక్షత్రాల మీద పరిశోధన వ్యాసాలు రాశారు.

ఆయన జీవితాన్ని మలుపు తిప్పింది హార్లో షాప్లీ. అప్పట్లో హార్వర్డ్ అబ్జర్వేటరీ డైరెక్టర్. ఆయన హైదరాబాద్ వచ్చారని తెలిసి యువకుడైన బప్పు నేరుగా వెళ్లి కలిశారు. ఈ షాప్లీ మామూలు మనిషి కాదు. గెలాక్సీల చరిత్రలో ఆయనకు పెద్ద పేరుంది. పెద్ద పొరపాటు కూడా ఉంది!

అదేంటంటే.. ఆకాశంలో అక్కడక్కడా జిలేబీ చుట్టల్లాంటి మసక మబ్బులు ఉన్నాయని 1845 నుంచే తెలుసు. ఐర్లండ్‌లో లార్డ్ రాస్ 72 అంగుళాల టెలిస్కోప్‌తో వాటి సుడి ఆకారాన్ని మొదటిసారి చూశారు. కానీ అవి మన పాలపుంత లోపలివా, బయటివా? 1920 ఏప్రిల్‌లో వాషింగ్టన్‌లో దీనిపై పెద్ద వాదన జరిగింది. షాప్లీ అవి బయటి లోకాలు కావన్నారు. హెబర్ కర్టిస్ అవి వేరే గెలాక్సీలే అన్నారు. నాలుగేళ్లలోపే ఎడ్విన్ హబుల్ ఆండ్రోమెడాలో వెలుగు పెరుగుతూ తరుగుతూ ఉండే సెఫిడ్ నక్షత్రాలను పట్టుకుని, అది మన పాలపుంతకు చాలా అవతల ఉందని తేల్చేశారు. షాప్లీ కూడా ఒప్పుకోక తప్పలేదు. అయితే సూర్యుడు పాలపుంత మధ్యలో లేడని, ఓ పక్కకు ఉన్నాడని తేల్చింది మాత్రం ఆయనే.

ఆండ్రోమెడా స్పైరల్ గెలాక్సీయే. మామూలు కంటికి కనిపించే అత్యంత దూరపు వస్తువుల్లో ఒకటి. మన రాష్ట్రాల్లో నవంబరు రాత్రుల్లో ఉత్తరం వైపు బాగా ఎత్తులో చిన్న మసక మచ్చలా ఉంటుంది. ఫొటోల్లో చూసే రంగుల సుడి మాత్రం కంటికి కనిపించదు. ఆ వెలుగు బయలుదేరి దాదాపు 25 లక్షల ఏళ్లయింది. అబిడ్స్‌లో నిలబడి వెతికితే దొరకదు, ఊరి లైట్లు దాటి చాలా దూరం వెళ్లాల్సిందే.

మళ్లీ బప్పు దగ్గరకు వస్తే.. హైదరాబాద్ ప్రభుత్వ స్కాలర్‌షిప్‌తో హార్వర్డ్ చేరారు. చేరిన కొన్ని నెలలకే, 1949 జూలైలో ఓ ఫొటో ప్లేటు మీద కొత్త తోకచుక్కను గుర్తించారు. బార్ట్ బాక్, గార్డన్ న్యూకిర్క్ దాన్ని ధ్రువీకరించడంతో అది బప్పు-బాక్-న్యూకిర్క్ తోకచుక్కగా రికార్డుల్లోకి ఎక్కింది. డోనోహో కామెట్ మెడల్ కూడా వచ్చింది. అప్పటికి ఆయన వయసు 22 కూడా నిండలేదు.

1952లో పీహెచ్‌డీ పూర్తయ్యాక కార్నెగీ ఫెలోషిప్‌పై కాలిఫోర్నియాలోని పాలోమార్‌కు వెళ్లారు. అక్కడ ఓలిన్ విల్సన్‌తో చేసిన పని 1957లో అచ్చయి విల్సన్-బప్పు ఎఫెక్ట్‌గా పేరుపడింది. విషయం సింపుల్. దూరంగా ఓ బల్బు వెలుగుతోంది. అది దగ్గరున్న చిన్న బల్బా, దూరమున్న పెద్ద బల్బా? అసలు వెలుగు తెలిస్తే దూరం లెక్క తేలిపోతుంది. ఆండ్రోమెడా విషయంలో హబుల్ చేసిందీ ఇదే. కొన్ని రకాల నక్షత్రాల కాంతిలో కాల్షియం వదిలే సన్నటి గీత వెడల్పును బట్టి ఆ నక్షత్రం అసలు వెలుగు చెప్పవచ్చని విల్సన్, బప్పు చూపించారు.

అమెరికాలో ఉండిపోతే ఏ లోటూ లేదు. ప్రపంచంలోకెల్లా పెద్దదైన 200 అంగుళాల టెలిస్కోప్ అక్కడే ఉంది. అయినా 1953లో తిరిగొచ్చేశారు. ఇక్కడ దాని దరిదాపుల్లోకి వచ్చే టెలిస్కోప్ ఒక్కటీ లేదు. పైగా హైదరాబాద్‌కు ఆయన సేవలు దక్కలేదు. ఉత్తరప్రదేశ్ ప్రభుత్వ అబ్జర్వేటరీని వారణాసి నుంచి నైనిటాల్‌కు మార్చారు. 1960లో కొడైకెనాల్ అబ్జర్వేటరీ డైరెక్టర్ అయ్యారు. అప్పటికి 33 ఏళ్లే.

కొడైకెనాల్ సూర్యుడిని చూడ్డానికి మంచి చోటే. రాత్రి ఆకాశానికి మరో చోటు కావాలనిపించింది. తమిళనాడులోని జవ్వాది కొండల్లో కావలూరు అనే పల్లెను ఎంచుకున్నారు. అది భూమధ్యరేఖకు దగ్గర. ఉత్తరాన ఆండ్రోమెడాతో పాటు దక్షిణ ఆకాశం కూడా చాలావరకు అందుతుంది. 1960ల చివర్లో సొంతంగా తయారు చేసుకున్న 38 సెంటీమీటర్ల టెలిస్కోప్‌తో పని మొదలైంది. 1972లో జర్మనీ నుంచి మీటరు టెలిస్కోప్ వచ్చింది. ఆ ఏడాదే గురుగ్రహం చందమామ గానిమీడ్ చుట్టూ పలుచని వాతావరణం జాడ ఇక్కడ దొరికింది. 1977లో యురేనస్ వలయాలను పసిగట్టిన కేంద్రాల్లో కావలూరు కూడా ఒకటి.

బప్పుకు అది చాలలేదు. 2.3 మీటర్ల పెద్ద టెలిస్కోప్ కావాలి. అదీ విదేశాల్లో కొని తేకుండా ఇక్కడే తయారవ్వాలి. అద్దం సానబెట్టడం దగ్గర్నుంచి అంతా దేశంలోనే మొదలైంది. ఏళ్ల తరబడి పట్టే పని అది.

ఈలోగా 1979లో అంతర్జాతీయ ఖగోళ సంఘం అధ్యక్షుడిగా ఎన్నికయ్యారు. 1981లో పద్మభూషణ్ వచ్చింది. 1982 ఆగస్టులో గ్రీస్‌లోని పాట్రస్‌లో ఆ సంఘం మహాసభ. అధ్యక్షుడిగా ఆయన అక్కడ ఉండాల్సింది. కానీ గుండె ఆపరేషన్ కోసం మ్యూనిక్ ఆస్పత్రిలో చేరారు. సభలు జరుగుతుండగానే, ఆగస్టు 19న తుదిశ్వాస విడిచారు. 55వ పుట్టినరోజు గడిచి తొమ్మిది రోజులే అయింది.

టెలిస్కోప్ అప్పటికింకా పూర్తి కాలేదు. సహచరులు ఆ పని ఆపకుండా ముగించారు. 1986 జనవరి 6న ప్రధాని రాజీవ్ గాంధీ కావలూరు వచ్చి, ఆ టెలిస్కోప్‌కు, అబ్జర్వేటరీకి వైను బప్పు పేరు పెట్టారు. అది ఇప్పటికీ అక్కడ పనిచేస్తోంది.