కరివర్ధన్

చిల్లకూరు ప్రక్కగా పోవు చెన్నై–కలకత్తా రహదారిపై దక్షిణముగా సుమారు నూరు కిలోమీటర్లు పోయినచో షోలవరము వచ్చును. రెండవ ప్రపంచయుద్ధకాలమున అచ్చట విమానములకై బాటలు వేసిరి. యుద్ధానంతరము అవి చిరకాలము కారు పందెములకు నెలవైనవి. ఆ బాటలపై పేరుగాంచిన వారిలో సుందరం కరివర్ధన్ ఒకడు.

ఆయన 1954లో కోయంబత్తూరునందు మిల్లులు గల తెలుగు కుటుంబమున జన్మించెను. ధనమునకు కొరతలేదు, మనస్సు మాత్రము యంత్రములపై నిలిచెను. కార్లు నడపుటయే గాక, వానిని నిర్మించుట యందును ఆయన నేర్పరి యయ్యెను.

విమానముల బాట తిన్నగా నుండును. అట్టి చోట వేగముగా పోవు కారు తన ముందరి గాలిని చీల్చును. వెనుకనున్న కారునకు గాలి యడ్డు తగ్గును. ఎదురుగాలిలో మరియొక సైకిలు చాటున తొక్కువానికి శ్రమ తగ్గుట పిల్లలెరిగినదే. అట్లు చేరువైన చోదకుడు బాట చివర ఇరుకు మలుపు వచ్చునప్పుడు, ముందరివానికంటె ఒక్క క్షణము ఆలస్యముగా బ్రేకు నొక్కి, లోపలి వైపునుండి దాటిపోవును. మలుపువెంట మలుపున్న బాటపై ఇట్టి యవకాశమరుదు. ముందరివాడు సరియైన జాడను విడువకున్నచో, వెనుకవాడెంత వేగవంతుడైనను వెనుకనే యుండవలసినదే.

కారు నమర్చుటయు బాటనుబట్టియే. పొడవైన బాటకు, ఇంజను తన శక్తి చివర చివరకుగాని తీరిపోకుండునట్లు గేర్లను పొందుపరతురు. మలుపులు హెచ్చైనచో త్వరగా వేగమందుకొను గేర్లును, టైర్లు నేలను వీడని స్ప్రింగులును కావలెను. రెండును గల బాటపై దేనినో కొంత వదలుకొనక తప్పదు. ఆ నిర్ణయమునందే పందెము సగము తేలిపోవుట కలదు.

తిన్నని బాటపై బలమైన ఇంజనుదే పైచేయి. బలమైన ఇంజను విదేశమునుండి రావలెను. అది ధనవంతులకే సాధ్యము. తానును ధనవంతుడే యైనను కరివర్ధన్ ఈ లోపమును గుర్తించెను. మారుతి 800 కారునందలి 796 సి.సి. చిన్న ఇంజనుతో ఒక్కరు మాత్రమే కూర్చుండు పందెపు కారును తయారుచేసెను. ఇదియే ఫార్ములా మారుతి. అందరికిని ఒకే ఇంజను. కనుక బాట నెరిగి కారు నమర్చుకొనువాడును, మలుపున ధైర్యము చూపువాడును గెలువసాగిరి. చిన్న ఇంజనని నవ్వుటకు వీలులేదు. 1993లో ఇట్టి కారుతోనే పందెములకు దిగిన నారాయణ్ కార్తికేయన్, 2005లో ఫార్ములా వన్ పందెమున పాల్గొన్న మొదటి భారతీయుడయ్యెను.

ఆ దినమును చూచు భాగ్యము కరివర్ధన్‌కు లేకపోయెను. 1995లో విమాన ప్రమాదమున ఆయన మరణించెను. అప్పటికి నలుబదియొక యేండ్లవాడు.

2003లో కోయంబత్తూరు చెంత చెట్టిపాళయమున ప్రారంభింపబడిన పందెపు బాటకు ఆయన పేరే పెట్టిరి. దాని పొడవు 2.1 కిలోమీటర్లు మాత్రమే. షోలవరమువలె నిడుపైన బాట కాదది. మలుపులు వెంటవెంటనే వచ్చును.