కండరం గుట్టు విప్పిన తెలుగు వైద్యుడు

కాళ్లలో పట్టు తగ్గిందనో, పిల్లవాడు ఊరికే పడిపోతున్నాడనో వెంకటాచలం నుంచి నెల్లూరు తీసుకువెళితే, డాక్టరు గారు తరచుగా రాసే రక్తపరీక్షల్లో సి.పి.కె. ఒకటి. క్రియాటిన్ ఫాస్ఫోకైనేజ్ అనే పొడవాటి పేరుకు అది పొట్టిపేరు. ఆ పేరులోని క్రియాటిన్, ఫాస్ఫరస్ మన కండరాల్లో జతగా ఉంటాయని 1927లో అమెరికాలో ఇద్దరు శాస్త్రజ్ఞులు కనుగొన్నారు. వారిలో ఒకరు మన తెలుగువారు. ఆయనే డాక్టర్ యల్లాప్రగడ సుబ్బారావు.

సుబ్బారావు 1895 జనవరి 12న భీమవరంలో జన్మించారు. తండ్రి జగన్నాథం చిన్న ప్రభుత్వోద్యోగి. అనారోగ్యంతో ఆయన చనిపోవడంతో పిల్లల భారమంతా తల్లి వెంకమ్మ మీద పడింది. సుబ్బారావుకు మొదట చదువు మీద మనసు లేదు. పదమూడేళ్ల వయసులో, కాశీలో యాత్రికులకు అరటిపండ్లు అమ్మి డబ్బు గడిద్దామని ఇల్లు విడిచి బయలుదేరారు. తల్లి వెనక్కి తెచ్చి మళ్లీ బడిలో కూర్చోబెట్టింది. మెట్రిక్యులేషన్ రెండుసార్లు తప్పి మూడోసారి మద్రాసులో గట్టెక్కారు. ఆ తల్లి పట్టుదలే లేకపోతే ఈ కథ అక్కడితో ఆగిపోయేది.

మద్రాసు మెడికల్ కాలేజీలో చదివే రోజుల్లో స్వాతంత్ర్యోద్యమ ప్రభావంతో ఆయన ఖద్దరు ధరించారు. ఆపరేషన్ గదిలోకి కూడా ఖద్దరు దుస్తులతోనే వెళ్లారు. సర్జరీ బోధించే ఆంగ్లేయ ప్రొఫెసరుకు అది నచ్చలేదు. మిగతా పరీక్షలు బాగా రాసినా సుబ్బారావుకు ఎం.బి.బి.ఎస్. దక్కలేదు, దానికన్నా తక్కువదైన ఎల్.ఎం.ఎస్. పట్టాతో సరిపెట్టుకోవలసి వచ్చింది. ఇంతలో స్ప్రూ అనే పేగుల వ్యాధి ఇద్దరు అన్నదమ్ములను కొద్దిరోజుల తేడాతో పొట్టన పెట్టుకుంది. అదే జబ్బు తనకూ వచ్చింది. ఆయుర్వేద వైద్యుడు డాక్టర్ ఆచంట లక్ష్మీపతి చికిత్సతో బతికి బయటపడ్డారు. మనుషులు ఇలా ఎందుకు చనిపోతున్నారో తెలుసుకోవాలనే తపన అప్పుడే ఆయనలో బలపడింది.

మామగారు, కాకినాడలోని సత్యలింగ నాయకర్ ధర్మనిధి చేసిన సాయంతో 1920 దశకం తొలినాళ్లలో ఆయన అమెరికాలోని బోస్టన్ చేరారు. హార్వర్డ్‌లో చదువు దొరికింది గాని, తిండికి దారి దొరకలేదు. అందుకని రాత్రిళ్లు బ్రిగ్‌హామ్ ఆసుపత్రిలో రోగుల మలమూత్రాల పాత్రలు ఎత్తి, శుభ్రం చేసే పని చేశారు. వైద్య పట్టా ఉన్నవాడు ఆ పనికి సిగ్గుపడలేదు. పగలు సైరస్ ఫిస్కే అనే ప్రొఫెసరు ప్రయోగశాలలో పరిశోధన సాగించేవారు.

1925లో వీరిద్దరూ రక్తంలో ఫాస్ఫరస్ ఎంత ఉందో కొలిచే పద్ధతిని ప్రకటించారు. రక్తంలో కొన్ని రసాయనాలు కలిపితే నీలం రంగు వస్తుంది. రంగు ఎంత ముదిరితే ఫాస్ఫరస్ అంత ఎక్కువ. ఫిస్కే-సుబ్బారావు పద్ధతి అనే పేరుతో అది ప్రపంచమంతటి ప్రయోగశాలలకు చేరింది.

అదే కొలతను కండరాల సారం మీద ప్రయోగించినప్పుడు ఒక చిక్కు వచ్చింది. నీలం రంగు రావలసిన వేగంతో రాలేదు. మొదట మందగించి, తర్వాత మెల్లగా ముదరసాగింది. మరొకరైతే పరీక్ష చెడిందని పారబోసేవారేమో. వీరు పట్టు విడవలేదు. సులువుగా విడిపోయే ఫాస్ఫరస్ పదార్థం ఏదో కండరంలో ఉందని గ్రహించి, దాన్ని పట్టుకున్నారు. అదే ఫాస్ఫోక్రియాటిన్. విద్యుత్తుతో కండరాన్ని పని చేయిస్తే అది తరిగిపోతుంది, విశ్రాంతినిస్తే తిరిగి తయారవుతుంది. లాక్టిక్ ఆమ్లమే కండరానికి శక్తినిస్తుందన్న నాటి నమ్మకం దీనితో కదిలిపోయింది. 1929లో ఏ.టి.పి. అనే మరో పదార్థాన్నీ వీరు కనుగొన్నారు. అదే ఏడాది జర్మనీలో లోమన్ కూడా విడిగా దాన్ని గుర్తించారు.

దుకాణదారుడి లెక్కలో చెప్పాలంటే ఏ.టి.పి. చేతిలోని చిల్లర, ఫాస్ఫోక్రియాటిన్ గల్లాపెట్టెలోని నిల్వ. ఆ గల్లా నుంచి చేతికి అందించే పని చేసేది సి.పి.కె. అనే ఎంజైము. దాని చోటు కండరం లోపల. కండరం దెబ్బతింటే అది రక్తంలోకి కారుతుంది. మస్కులర్ డిస్ట్రఫీ అనే కండరాల క్షీణవ్యాధి ఉన్నవారి రక్తంలో ఇది విపరీతంగా పెరుగుతుందని 1959లో జపాన్ శాస్త్రజ్ఞుడు ఎబాషి బృందం చూపింది. సుబ్బారావు బాట అలా రోగి మంచం దాకా వచ్చింది.

ఈ సంగతి మన ఇళ్లకు అవసరమైనదే. మగపిల్లవాడు సజ్దా నుంచి లేచేటప్పుడు చేతులను మోకాళ్ల మీద, తొడల మీద ఆనించుకుంటూ తన ఒంటినే ఎక్కుతున్నట్టు లేస్తుంటే, మెట్లు ఎక్కలేకపోతుంటే, పిక్కలు లావెక్కుతుంటే బద్ధకమని కసరకూడదు. గాలి సోకిందని తాయెత్తుతో కాలం గడపకూడదు. డుషేన్ రకం వ్యాధి ఉంటే సి.పి.కె. మామూలు కంటే పదుల రెట్లు ఉంటుంది, లక్షణాలు బయటపడక ముందు నుంచే ఉంటుంది. అయితే ఆ అంకె ఒక్కటే తీర్పు కాదు. బరువు పనులు చేసినా, కండకు సూది వేయించుకున్నా, కొన్ని కొలెస్టరాల్ మాత్రలు వాడినా అది కొంత పెరుగుతుంది. లోపం నరంలోనా, కండరంలోనా తేల్చడానికి చర్మం మీద చిన్న కరెంటు తాకిడి ఇచ్చి నరం వేగం కొలుస్తారు, సన్నని సూదితో కండరంలోని విద్యుత్తును చూస్తారు. అవసరమైతే జన్యుపరీక్ష చేస్తారు. డుషేన్‌ను పూర్తిగా నయం చేయలేకపోయినా, వేళకు మొదలుపెట్టిన మందులు, వ్యాయామం పిల్లవాణ్ణి మరికొన్నేళ్లు తన కాళ్ల మీద నడిపించగలవు. తల్లికి రాబోయే కాన్పుల గురించి ముందే సలహా దొరుకుతుంది.

ఇంత చేసినా సుబ్బారావుకు హార్వర్డ్‌లో స్థిరమైన ఉద్యోగం దక్కలేదు. 1940లో లెడర్లీ మందుల కంపెనీకి వెళ్లి, అక్కడ పరిశోధనలకు నాయకత్వం వహించారు. తన అన్నదమ్ములను బలిగొన్న స్ప్రూకు పనికివచ్చే ఫోలిక్ ఆమ్లాన్ని ఆయన బృందం ప్రయోగశాలలో తయారు చేసింది. గర్భిణులకు నేడు ఇస్తున్నది అదే. కోస్తా ప్రాంతాల్లో ఇంటింటికీ పంచే బోదకాలు మాత్ర డి.ఇ.సి., కేన్సరుకు, కీళ్లవాతానికి వాడే మెథోట్రెక్సేట్, ఆరియోమైసిన్ అనే యాంటిబయాటిక్ కూడా ఆ ప్రయోగశాలల నుంచే వచ్చాయి.

1948 ఆగస్టులో, 53 ఏళ్ల వయసులో, నిద్రలోనే ఆయన కన్నుమూశారు. విడిచి వెళ్లిన భార్యనూ, ఊరినీ మళ్లీ చూడలేదు. నోబెల్ బహుమతి రాలేదు. 1995లో భారత ప్రభుత్వం ఆయన పేర తపాలా బిళ్ల విడుదల చేసింది. ఆయన పేరు చాలా ఇళ్లలో ఇప్పటికీ తెలియదు. కానీ ఆయన కష్టం మాత్రం మాత్రగా, రక్తపరీక్షగా ఆ ఇళ్లకు చేరుతూనే ఉంది. పేరు కోసం కాక జనానికి మేలు జరగడం కోసం చేసిన పని ఎంత దూరం వెళుతుందో మన పిల్లలకు చెప్పడానికి ఈ జీవితం చాలు.