ఎమ్మెల్యే కంటే ముందు కూలి సంఘం మనిషి

ఎలక్షన్లు వస్తే మన పేటల్లోకి కార్లు వస్తాయి. అవి అయిపోతే కార్లూ పోతాయి, గెలిచినాయనా కనపడడు. కూలి రేటు మాత్రం ఉన్నచోటే ఉంటుంది. అందుకే మనవాళ్ళు చాలామంది, ఎవరు గెలిస్తే మనకేంలే అని ఊరుకుంటారు. ఆ మాట అనేముందు గన్నవరం ఎమ్మెల్యేగా చేసిన పుచ్చలపల్లి సుందరయ్యగారి సంగతి ఒకసారి చెప్పుకోవాలి.

ఆయన 1913 మే 1న నెల్లూరు జిల్లా అలగానిపాడులో భూములున్న కుటుంబంలో పుట్టారు. పెట్టిన పేరు సుందరరామిరెడ్డి. కులం తోక తానే తెంపేసుకున్నారు. 1930లో మద్రాసులో కాలేజీ చదువు వదిలేసి ఉప్పు సత్యాగ్రహంలో జైలుకెళ్ళారు. బయటికొచ్చాక సొంత ఊరు చేరి, దళిత పేటల్లో తిరిగి వ్యవసాయ కూలీలను కూడగట్టారు. కూలి పెంచమంటే ఎదురుగా నిలబడేది ఎవరు? తన కులపు భూస్వాములే. అయినా వెనక్కి తగ్గలేదు. తన వాటాకొచ్చిన ఆస్తి ఉద్యమానికి ఇచ్చేశారు. 1943లో లీలగారిని పెళ్ళాడారు. సంసారం ఉద్యమానికి అడ్డు కాకూడదని ఇద్దరూ పిల్లల్ని వద్దనుకున్నారు.

1952లో రాజ్యసభకు వెళ్ళారు. ఢిల్లీలో పార్లమెంటుకు సైకిల్ మీదే పోయేవారు. 1955లో ఆంధ్ర రాష్ట్రం అసెంబ్లీకి ఎన్నికలొచ్చాయి. కమ్యూనిస్టులకు నూటికి 31 ఓట్లు పడ్డాయి. 196 సీట్లలో వచ్చినవి మాత్రం 15. అంతకుముందు 41 ఉండేవి. ఓట్లు పెరిగాయి, సీట్లు పడిపోయాయి! అంత ఓటమిలోనూ కృష్ణా జిల్లా గన్నవరం ప్రజలు ఆయన్ను గెలిపించారు. అది ఆయన పుట్టిన జిల్లా కాదు. 1962లో మళ్ళీ ఆయన్నే పంపారు. ఆయన సభలో నోటికొచ్చింది మాట్లాడేవారు కాదు. కాలువలు, ఆనకట్టలు, నీటి పంపకం లెక్కలు అన్నీ చూసుకుని మరీ లేచేవారు.

ఆయన సభలో ఉండగానే 1961లో భూపరిమితి చట్టం వచ్చింది. నేల రకాన్నిబట్టి 27 ఎకరాల నుంచి 324 ఎకరాల దాకా ఉంచుకోవచ్చన్నారు. 324 ఎకరాలున్నవాడి దగ్గర కూడా మిగులు లేదంటే ఇక పేదోడికి ఏం మిగులుతుంది? 1973లో ఇంకో చట్టం తెచ్చి మాగాణి 10 నుంచి 27 ఎకరాలు, మెట్ట 35 నుంచి 54 ఎకరాలు అన్నారు. ఈ మధ్య పన్నెండేళ్ళలో భూములు బంధువుల పేర్ల మీదికి, బినామీల పేర్ల మీదికి ఎన్ని పోయాయో ప్రతి ఊరికీ తెలుసు.

1964లో పార్టీ చీలింది. మార్క్సిస్టు పార్టీకి మొదటి ప్రధాన కార్యదర్శి ఆయనే. గన్నవరం ఎమ్మెల్యేగా ఉండగానే ఆయన్ను పట్టుకెళ్ళి నిర్బంధంలో పెట్టారు. 1966 దాకా జైలే. పార్టీ పంథాతో తేడా వచ్చి 1976లో ప్రధాన కార్యదర్శి పదవి వదులుకున్నారు. పదవి వదిలారు గానీ పని వదల్లేదు. 1978లో గన్నవరం మళ్ళీ ఆయన్నే ఎన్నుకుంది. 294 మంది సభలో ఆయన పార్టీ వాళ్ళు 8 మందే. 1983 దాకా ఆ ఎనిమిది మందితోనే నిలబడ్డారు. 1985 మే 19న కన్నుమూశారు.

ఎనిమిది మంది చట్టం చెయ్యలేరు గదా, మరి ఆ సీటెందుకు అని అడగొచ్చు. సభలో మన మాట వినపడాలి, అందుకు సీటు కావాలి. కానీ ఏ సర్వే నంబరులో ఎవరి బినామీ ఉందో చెప్పేది, నాట్ల రోజుల్లో పని ఆపి కూలి పెంచుకునేది ఊళ్ళో సంఘమే. సంఘం లేని ఊళ్ళో ఎంత మంచి ఎమ్మెల్యే ఉన్నా చట్టం కాగితమే. సుందరయ్యగారు ఎమ్మెల్యే అయింది 1955లో. కూలి సంఘం కట్టింది దానికి చాలా ఏళ్ళ ముందు. ఆ వరస మనం గుర్తుపెట్టుకోవాలి.

ఈసారి ఓటు అడగడానికి వచ్చినవాణ్ణి ఒక్కటే అడగండి: ఎలక్షన్లకు ముందు మా పేటలో ఎప్పుడైనా కూర్చున్నావా?